ఆపరేషన్ బల్ల మీద రబ్బరు చెప్పులు

అరవై తొమ్మిదిలో చిక్కడపల్లిలో కిరాయికుంటూ నారాయణగూడలో టైపు నేర్పేవాణ్ణి. మెదడులో గడ్డ ఉందన్నారు, ఆపరేషన్ చేసే డాక్టరు. చర్మానికి మాత్రమే మత్తిచ్చి, మెలకువగా ఉంచి పుర్రె తెరుస్తారట. నా చేతిని కదిలించే చోటేదో తెలియడానికి మెదడుకు కరెంటు ముట్టిస్తారట. ఈ డాక్టరు నా మీద ప్రయోగాలు చేస్తున్నాడేమోనని అనుమానం పట్టుకుంది.

"సార్, కరెంటుతోని పరాచికాలొద్దు. రబ్బరు చెప్పులు ఇడువకుండ్రి" అన్నాడు మా ఇంటి ఓనరు.

చెప్పులు లేకుండా బల్లెక్కనని మొండికేశాను. డాక్టరు వాటిని శుభ్రంగా కడిగించి, ఆయనే నా కాళ్లకు తొడిగారు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

కరెంటు పెట్టారు. చెయ్యి కదల్లేదు. చెప్పులు పనిచేస్తున్నాయని లోలోపల సంబరపడ్డాను.

"కదల్లేదండీ. అక్కడ కొయ్యొచ్చు కదా?" అన్నాడు నా చేతినే చూస్తున్న అసిస్టెంటు.

"నాకు నమ్మకం లేదు. ఇంకొంచెం పెంచు" అన్నారు డాక్టరు.

పెంచాడు. మళ్లీ పెంచాడు. ఉన్నట్టుండి నా చూపుడువేలు నన్నడక్కుండానే, టైపు మిషన్ మీద అక్షరం నొక్కినట్టు వంగింది! కెవ్వుమన్నాను.

"అదీ! ఈ చోటు ముట్టుకోవద్దు" అన్నారు డాక్టరు.

తర్వాత ఆయనే చెప్పారు. తక్కువ కరెంటుకు కదల్లేదని నమ్మి కోసుంటే చెయ్యి పడిపోయేదట. ఒక్కసారిగా పెంచేస్తే ఫిట్స్ వచ్చేవట.

మా ఆవిడ నన్ను అనుమానాల పుట్ట అంటుంది. ఆ రోజు ఆ గదిలో నన్ను మించిన అనుమానపు మనిషి ఒకాయన ఉండబట్టే ఇది రాస్తున్నాను, కుడిచేత్తో.