ఉస్తాద్ కాళ్లు మడుచుకున్న రోజు

మొన్న పొద్దున కోరుట్ల నుంచి ఫోన్. నాకు కారు నేర్పిన ఉస్తాద్ జగిత్యాల ఆస్పత్రిలో పోయారట. నేను నమ్మలేదు. ఒకప్పుడు తమాషాకి చావుకబురు పుట్టించి, బతికున్న బావమరిది ఇంటికి ఊరిచేత దండలు మోయించినవాణ్ణి, ఎవరో బదులు తీర్చుకుంటున్నారనుకున్నాను. ఇంకో ఇద్దరిని అడిగాక గానీ కూలబడలేదు.

సిరిసిల్లలో మా మరమగ్గాలు ఆగిపోతున్న రోజుల్లో, డ్రైవర్ వీసా మీద దుబాయి పోదామని కోరుట్ల చేరాను. అప్పటికే ఒక ఏజెంటు ముంచి ఉన్నాడు. మంచినీళ్లిచ్చినవాడి మీదా నాకు అనుమానమే. ఉస్తాద్ చాలా ఏళ్లు అక్కడ బండి నడిపి వచ్చిన మనిషి. ఎక్కే ముందు నాలుగు టైర్లనూ అరచేత్తో తట్టేవారు, బర్రెలను తట్టినట్టు.

"బ్రేకు గట్టిగ తొక్కితె చక్రం బిగుసుకుంటది తమ్మీ. బిగుసుకున్న చక్రం జారుడే గని స్టీరింగ్ మాట వినది. గీ బ్రేకుల ఏబీఎస్ అనే యంత్రం గది కనిపెట్టి జరంత ఇడుస్తది, మల్ల పడ్తది, సెకండ్ల ఎన్నోసార్లు. గందుకే కాలు కింద గడగడమంటది. బెదిరి కాలు తియ్యకు."

మాకు తెలిసింది పాత జీపులు. బ్రేకు కొట్టాలి, వదలాలి, మళ్లీ కొట్టాలి. గడగడమంటే బండి పాడైనట్టే. పైగా ఆ కారులో ఆయన వైపూ ఒక బ్రేకుంది.

"ఆపేది నీ కాలు, పేరేమో ఏబీఎస్‌ది. ఎవలకు చెప్తున్నవ్ ఉస్తాద్?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. చెప్పులు విడిచి, రెండు కాళ్లూ సీటు మీద మడుచుకుని కూర్చున్నారు. "ఇగ నడుపు."

జగిత్యాల రోడ్డులో మలుపు తిరిగామో లేదో, సగం రోడ్డు నిండా ఆరబోసిన వడ్లు. ఒక ముసలమ్మ అటు తిరిగి కాలితో వాటిని కలుపుతోంది. తొక్కాను. చక్రాలు గింజల మీదికెక్కాయి. పెడల్ గడగడలాడింది. విరిగిందనుకుని కాలు సగం తీసేశాను.

"తియ్యకు! తొక్కే ఉంచు. పక్కకు తిప్పు!"

మడిచిన కాళ్లు మాత్రం దించలేదు. తొక్కి పట్టి తిప్పాను. బండి మాట వింది. ముసలమ్మను మూరెడు దూరంలో తప్పించుకుని ఆగింది.

"కండ్లు నెత్తికెక్కినయారా? నా వడ్లే దొరికినయా తొక్కనీకి?"

"తప్పు మాదే అక్కా," అని ఉస్తాద్ దిగారు. నాతో, "ఏబీఎస్ దేవుడు గాదు తమ్మీ. గింజల మీద, కంకర మీద ఆగుడు ఆలస్యమైతది. మలుపుల మెల్లగ రావాలె," అన్నారు.

తర్వాత ఎడారి దేశంలో ఏళ్లపాటు నడిపాను. ఎవరినీ గుద్దకుండా ఇంటికొచ్చాను.

ఉస్తాద్‌కు భయమన్నదే లేదని నిన్న ఆయన్ని సాగనంపడానికి వచ్చినవాళ్లందరూ అన్నారు. నేను నమ్మను. ఆ మధ్యాహ్నం మండే తారు మీద ఒట్టి కాళ్లతో గొంతుక్కూర్చుని, టైర్లు చెదరగొట్టిన వడ్లను ఆయన రెండు చేతులతో కుప్పకు తోస్తున్నారు. గింజలు వేళ్ల సందుల్లోంచి జారిపోతూనే ఉన్నాయి. కారులో విడిచిన చెప్పులు ఆయనకు గుర్తే లేవు.