మిల్లు చొక్కా

ఆ ఇంటి చిన్నకోడలు మిల్లు గడప ఏనాడూ తొక్కలేదు. తొక్కాల్సిన అవసరమేముంది, మిల్లే రోజూ ఇంటికొచ్చేది. మొగుడు తెల్లరాయిని పిండి చేసే యంత్రం దగ్గర ఒళ్లు హూనం చేసుకుని, సాయంత్రానికి సున్నం కొట్టిన గోడలా దిగేవాడు. అత్తగారికి ఇంట్లో దుమ్ము పడితే ఒళ్లు మంట. అందుకని ఈవిడ వాకిట్లోనే అతని చొక్కా విప్పించి, గుంజకేసి బాది బాది దులిపేది. పెళ్లయిన నాటి నుంచీ అదే పని. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే, మొగుడి కష్టం కంపు కొడుతోందా అని అత్తగారు దెప్పేది. దాంతో ఆ కొంగునూ నడుముకే దోపుకుంది.

ఇప్పుడు బిందె ఎత్తితే ఆయాసం, మాట మాటకూ దగ్గు. డాక్టరు ఎక్స్‌రే చూసి, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడిందన్నాడు. అది పోయేది కాదట, ముదరకుండా మందులు వాడాలట. దుమ్ము జబ్బుకు మందులు మిల్లే ఇస్తుంది. కాకపోతే జబ్బు మిల్లుదేనని మేస్త్రీ ఒప్పుకోవాలి. ఆ మేస్త్రీ ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ ఆమె బావగారే, మొగుడికి సొంత అన్న. ఒప్పుకుంటే తన కుర్చీ కిందికి నీళ్లొస్తాయని ఆ మహానుభావుడి భయం. మిల్లులో పనిచెయ్యనిదానికి మిల్లు జబ్బేమిటని తమ్ముణ్ని కసిరి పంపాడు. అయినా అది దుమ్మే కాదట, ఒట్టి పిండట, ముఖానికి రాసుకునే పౌడర్లో కలిపేదేనట. మొగుడు ఆ మాటే మోసుకొచ్చి, అన్నయ్యతో మనకు తగువెందుకని గొణిగాడు. ఛీ, వాడూ ఒక మొగుడేనా! ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ సాయంత్రం చొక్కా దులపలేదు. మర్నాడు దాన్ని మూటగట్టి చంకన పెట్టుకుని, దారిలో ఆగి ఆగి మిల్లుకు నడిచింది. బావగారు తన గదిలో ఫ్యాను కింద టీ తాగుతున్నాడు. ఆమె పలకరించలేదు. మూట విప్పి చొక్కాను ఆయన బల్లకేసి బాదింది. మళ్లీ బాదింది. గదంతా తెల్లబడింది. ఆయన కుర్చీ తోసుకుని లేచి, భుజం మీది తువ్వాలు లాగి ముక్కూ నోరూ అదిమిపట్టుకున్నాడు.

దగ్గు తెరిపి ఇచ్చేదాకా ఆమె బల్ల పట్టుకుని నిలబడింది.

"ఒట్టి పిండేగా బావగారూ, ముక్కెందుకు మూసుకున్నారు?" అంది. "ఆ తువ్వాలు తీసి జవాబు చెప్పండి."

ఆయన తియ్యలేదు. కిటికీ దగ్గర మూగిన కూలీలంతా చూశారు. వాళ్లలో ఆమె మొగుడూ ఉన్నాడు.