మందు లేని సూదులు

నలభై ఏళ్లు దాటేసరికే మా అమ్మ మెడ తిప్పలేకపోయేది. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం అటు తిరగాల్సి వచ్చేది. నడుము ముందుకు వంగి అలాగే బిగుసుకుపోయింది. చేతులు భుజాల పైకి లేచేవి కావు. మునుగోడు దిక్కున ఉన్న మా ఊళ్లో అలాంటివాళ్లు వాడకు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. బోరునీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరుతోందని, ఆ నీళ్లు తాగొద్దని నల్గొండ దవాఖానలో చెప్పారు. మాకు వేరే నీళ్లు లేవు.

నొప్పి గోలీలు మింగి మింగి అమ్మకు కడుపులో పుండు పడింది. గోలీలు మానేస్తే కూర్చున్నా నొప్పే, పడుకున్నా నొప్పే. తొంభైల మొదట్లో నేను ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని. ఉత్త సూదులు గుచ్చి నొప్పులు తగ్గించే డాక్టర్ నల్గొండలో ఉన్నాడని, అది చైనావాళ్ల వైద్యమని ట్రైనింగ్‌లో ఒకామె చెప్పింది.

"సూదిల మందే ఉండదా? మందు లేకుంట నొప్పెట్ల పోతది?" అన్నాడు బాపు, మా నాన్న.

"మందులన్ని మింగి సూసిన గదా," అంది అమ్మ. "గిదొక్కటి సూద్దాం."

డాక్టర్ యాభై దాటిన ముస్లిం. ఇంటి ముందుగదిలోనే వైద్యం. అమ్మ వెన్నెముకను మెడ దగ్గర్నుంచి కిందిదాకా వేళ్లతో తడిమి చూశాడు.

"అబద్ధం చెప్పనమ్మా. వెన్ను బొక్కలు పట్టేసినయ్. అవి మల్ల సక్కగ గావు. నొప్పి జర తగ్గొచ్చు, నిద్ర పట్టొచ్చు."

"నిద్ర పడితే సాలు సారూ."

అమ్మకు బోర్లా పడుకోవడం కుదరదు కనుక కుర్చీలో కూర్చోబెట్టి, బల్ల మీద దిండు పెట్టి దానికి ఆనించాడు. వెంట్రుకంత సన్నటి సూదులు చేతులకు, మోకాళ్ల వెనక, పాదాలకు గుచ్చాడు.

"ఏమనిపిస్తాంది?"

"బరువుగ ఉంది సారూ. సీమలు పాకినట్టయితాంది."

"గదే గావాలె," అన్నాడు. తర్వాత లావు అగరుబత్తిలాంటి ఆకుల చుట్టను వెలిగించి, మోకాళ్లకు తగలకుండా సెగ పట్టాడు.

వారానికి రెండుసార్లు వెళ్లేవాళ్లం. నాలుగో వారం తిరుగు బస్సులో అమ్మ నిద్రపోయింది. మెడ వంగదు కాబట్టి మనిషంతా నా మీదికి ఒరిగింది. మా స్టేజీ వచ్చినా లేపబుద్ధి కాలేదు. పక్క ఊళ్లో దిగి ఇంకో బస్సు కోసం గంటసేపు ఎండలో నిలబడ్డాం.

గోలీలు తగ్గాయి. ఒకరోజు ఆమె చెయ్యి చెవిదాకా లేచింది. జారిన వెంట్రుకలను తనే వెనక్కి తోసుకుని, చేసిన పని తెలిసి నా వైపు తిరిగి నవ్వింది. ఇంట్లో మాత్రం అవే నీళ్లు తాగుతున్నాం.

ఏడాదిన్నర గడిచింది. ఒక మధ్యాహ్నం పాదానికి సూది పెట్టి డాక్టర్ ఎప్పటిలాగే అడిగాడు, ఏమనిపిస్తాంది అని. అమ్మ తిరిగి ఆయన్నే అడిగింది.

"పెట్టిన్రా సారూ?"

ఆయన ఇంకో చోట పెట్టాడు. రెండో కాలికీ పెట్టాడు. తర్వాత అన్నీ తీసేసి స్టూలు మీద కూర్చున్నాడు.

"వెన్నుల నరం నలుగుతాంది బిడ్డా," అన్నాడు నాతో. "ఇది నా సేతుల లేదు. హైదరాబాద్ తీస్కపోండ్రి, ఆలస్యం చెయ్యకుండ్రి."

తీసుకెళ్లాం. ఆపరేషన్ చేసినా కాళ్లు వస్తాయని చెప్పలేమన్నారు, ఆమె తట్టుకోలేదన్నారు. ఇంటికి తెచ్చుకున్నాం. కొన్నాళ్లకు కాళ్లు పూర్తిగా పడిపోయాయి. ఎప్పుడూ ఒకే పక్కకు పడుకోవడంతో తుంటి మీద పుండ్లు లేచాయి. కింది సగం ఏమీ తెలియదు, భుజాల్లో మాత్రం నొప్పి తెలిసేది. కబురు పెడితే డాక్టర్ బస్సెక్కి మా ఊరొచ్చాడు. చేతులకు మాత్రమే సూదులు పెట్టాడు. అరగంటకు అమ్మ మూలుగు ఆగింది. గడప దగ్గర నిలబడ్డ బాపు లోపలికొచ్చి, "ఇంకో రెండు పెట్టున్రి సారూ," అని చేతులు జోడించాడు.

ఎండాకాలంలో అమ్మ పోయింది. వెల్లకిలా పడుకోబెట్టడం కుదరక, పక్కకు ఒరిగించే తీసుకెళ్లారు.

పెద్దకర్మ అయిన వారానికి మా వాడలోనే, అమ్మలాగే నడుము బిగుసుకుపోయిన ఒక అత్త కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆ డాక్టర్ దగ్గరికి తననూ తీసుకెళ్లమని అడిగింది. నేను ఏదీ దాచలేదు. కాళ్ల సంగతీ, పుండ్ల సంగతీ అన్నీ చెప్పాను. అంతా విని, "సోమవారం పోదామా బిడ్డా?" అంది.