కోరుట్లకు పిలుపు

వైద్య పరిశోధనల్లో లెక్కలు చూడటం నా పని. ఏ మందు పనిచేసింది, ఏ జబ్బు ఎవరికి ఎక్కువ అని డాక్టర్లు అడుగుతారు, నేను తేలుస్తాను. ఇప్పుడు హైదరాబాద్‌లో నాకో గది, నా కింద ఓ జట్టు. సర్వే అంతా ముగించాక ఫైలు మెయిల్లో పడేసి “మేడం, కొంచెం చూడండి” అంటారు. కొంచెమట! ఇల్లంతా కట్టేశాక పునాది చూడమన్నట్టు ఉంటుంది.

ఆ మెయిల్ వచ్చినప్పుడల్లా జగిత్యాల డాక్టరమ్మ గుర్తొస్తుంది. ఊపిరితిత్తుల డాక్టరు. చదువు పూర్తిచేసి సిరిసిల్లలో మా ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను, బీడీలు చేసే ఆడవాళ్ల దగ్గు మీద సర్వే చేద్దాం రమ్మంది. ప్రశ్నలు టైపు చేసుకుని పోతే పక్కన పెట్టేసింది.

“రాసుడు తర్వాత. ముందుగాల వచ్చి కూసో.”

కోరుట్లలో ఒకరి అరుగు మీద చాప వేశారు, కూర్చున్నాం. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తున్న పెద్దావిడను దగ్గుందా అని అడిగాను.

“లేదు బిడ్డా,” అంటూనే దగ్గింది.

“మరి గిదేంది?” అంది డాక్టరమ్మ.

“గిది తంబాకు ఘాటు. దగ్గంటే బీడీ చుట్టే చెయ్యి ఆగాలె గదా!”

అక్కడ ఎవరికీ దగ్గు లేదట. అందరూ దగ్గుతున్నారు. నా ప్రశ్నలతో పోతే కోరుట్లంత ఆరోగ్యమైన ఊరు ఉండదు. డాక్టరమ్మా నేనూ అన్నీ కొట్టేసి, ఆ చాప మీదే వాదులాడుకుంటూ కొత్తవి రాశాం. ఆమె నా లెక్కల్ని ఒక పట్టాన నమ్మేది కాదు, ఆమె తొందర నాకు నచ్చేది కాదు. అంత హాయిగా మళ్లీ ఎవరితోనూ పోట్లాడలేదు. పొద్దు గూకేదాకా అక్కడే ఉన్నాం.

ఆ సర్వేతోనే నాకు పేరొచ్చింది, పేరుతో పాటు హైదరాబాద్ ఉద్యోగమూ వచ్చింది. ఆమె మళ్లీ పిలిస్తే బాగుండునని ఏళ్ల తరబడి ఎదురుచూశాను. ఊరికే ఫోన్ చేసి, నన్ను పిలవండని ఎలా అడుగుతాను?

మొన్న తనే చేసింది. కోరుట్లలోనే మళ్లీ సర్వే, ఈసారి బీడీలు మానేసినవాళ్ల మీద. నాకు కాలు నేల మీద నిలవలేదు.

“మీ దగ్గర పనిచేసేటోళ్లల్ల ఎవలనన్న పంపుతరా మేడం?”

“ఎవలో ఎందుకు? నేనే వస్త.”

గట్టిగా నవ్వింది. “ఊకోండి మేడం! మీరిప్పుడు పెద్దోళ్లు. గీ ఎండల మిమ్మల్ని అరుగుల మీద కూసోవెడ్తనా?”

తమాషా అనుకుంది. కాదని చెప్పేలోపే థాంక్స్ చెప్పి పెట్టేసింది.

మా జట్టులో చురుకైన అమ్మాయిని పంపాను. బస్సెక్కి ఫోన్ చేసింది, ఏమైనా జాగ్రత్తలు చెప్పమని. నీళ్లు ఎక్కువ తాగమన్నాను. ఫోన్ పెట్టేశాక, నా కూతురి వయసున్న ఆ పిల్ల మీద అసూయతో చాలాసేపు పని చేయలేకపోయాను.