గొడుగులోళ్ల గుట్టమీద రమీజా

పరుపులు కుట్టే రంజాన్ కూతురు రమీజాకు ఉన్నది ఒకటే కోరిక. గాల్లో ఎగరాలి. నవ్వేవాళ్లు నవ్వుకోండి. గోరంట్ల అవతల ఆ ఊళ్లో కూడా అందరూ నవ్వినవాళ్లే, రంజాన్‌తో సహా.

ఊరి వెనక ఒక బోడిగుట్ట ఉంది. ఆషాఢం గాలికి దానిమీద మనిషి నిలబడలేడు. ఆ గాలి కోసమే, రెండువేల మూడులో, కరువు నడినెత్తిన ఉన్నప్పుడు, బెంగళూరు నుంచి డబ్బున్నవాళ్ల పిల్లలు శనివారం కాగానే కార్లేసుకుని దిగేవాళ్లు. వీపున మూటలతో గుట్టెక్కి, రంగురంగుల పారాచూట్లు విప్పి, అంచుదాకా పరిగెత్తి గాల్లోకి లేచి, కింద బీళ్లలో దిగేవాళ్లు. ఊరు వాళ్లకు గొడుగులోళ్లని పేరు పెట్టింది. ఆ గొడుగులోళ్లకు వంట చేసి పెట్టేది రమీజా.

వాళ్ల క్లబ్బుకు పెద్ద ప్రసూన. పుట్టి పెరిగింది బెంగళూరులోనే అయినా తెలుగావిడ. ఉగ్గాని, బజ్జీ వడ్డిస్తూ రమీజా ఆమెను మొదటిరోజే అడిగేసింది.

"నన్నూ ఒక తూరి పైకి తీస్కపోండి మేడం."

"అది సభ్యులకే రమీజా. నువ్వు వంట చూసుకో."

ఇంకొకతైతే అక్కడితో ఊరుకునేది. రమీజాది ఉడుంపట్టు. మరుసటి వారం టీ ఇస్తూ అడిగింది. ఆ పై వారం చారు పోస్తూ అడిగింది. చివరికి ఆ పిల్ల గిన్నెతో వస్తుంటేనే ప్రసూన తలకాయ పక్కకు తిప్పుకోవడం మొదలుపెట్టింది.

ఇక తౌఫిక్ సంగతి. బెంగళూరులో పట్టుచీరల దుకాణాలున్న ఇంటి కొడుకు. అందరికంటే ఖరీదైన గొడుగు అతనిదే, అందరికంటే మంచి బూట్లు అతనివే. తీరా తన వంతు వచ్చేసరికి కడుపునొప్పి! పొట్ట పట్టుకుని వంట డేరాలో దూరి, ఉల్లిగడ్డలు ఒలుస్తూ కూర్చునేవాడు. మొదటిరోజు ఉర్దూలో ఏదో అడిగితే రమీజా గరిటె ఆపి చెప్పింది.

"మాది దూదేకులోళ్ల ఇల్లప్పా. నమాజు చదువుతాం గానీ మాటంతా తెలుగే. తెలుగులో అడుగు."

దుకాణానికొచ్చే తెలుగువాళ్ల పుణ్యాన అతనికి ఆ భాష బాగానే వచ్చు. అలా మాటలు కలిశాయి. ఒకరోజు రమీజా ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమప్పా, నీకు గుట్ట ఎక్కినప్పుడే కడుపునొప్పి ఎందుకొస్తాది?"

తౌఫిక్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "భయం రమీజా. అంచుకాడ నిలబడితే నాకు కాళ్లున్నట్టే తెలియదు."

"మరి రావడమెందుకు?"

"మొదట స్నేహితులు వస్తున్నారని వచ్చాను. ఇప్పుడు ఉగ్గాని కోసం వస్తున్నాను."

ఉగ్గాని కోసమట! రమీజాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఎగరాలని ప్రాణం కొట్టుకునేదానికి పొయ్యి, భయంతో చచ్చేవాడికి గొడుగు ఇచ్చిన దేవుణ్ణి ఆ పూట గట్టిగానే తిట్టుకుంది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఊళ్లో ముసలి రైతు బయ్యన్న చేన్లో చెనక్కాయ చెట్లు బెత్తెడు లేచి మాడిపోతున్నాయి. మధ్యాహ్నం మబ్బు కనబడేది, గాలి లేచేది, సాయంత్రానికి ఆకాశం ఖాళీ. అంతకుముందు కొండలమీద గాలిమరలు పెట్టినప్పుడు, అవే మబ్బులను తోలేస్తున్నాయని ఆ చుట్టుపక్కల నమ్మినవాళ్లు బోలెడుమంది. ఇప్పుడు గొడుగుల వంతు వచ్చింది. ఆదివారం పొద్దున ఊరి మగవాళ్లు దారికడ్డంగా ఎద్దులబండ్లు నిలిపారు.

"మీరు పైకి పోయి మోడాలను తరుముతాండారు," అన్నాడు బయ్యన్న, మబ్బుల్లేని ఆకాశంవైపు చెయ్యి చూపిస్తూ. "మా నోట్లో మన్ను కొట్టొద్దు. గొడుగులు ముడుచుకుని పోండి."

ప్రసూన గాలి గురించి, మబ్బుల గురించి పెద్ద పాఠమే చెప్పింది. ఎవరు వింటారు? మాడిపోయే చేను ముందర పాఠాలు చెవికెక్కుతాయా? ఈ క్యాంపు పోతే తన ఎగరడం కూడా పోయినట్టేనని రమీజాకు అర్థమైంది. చీరకొంగు దోపుకుని ప్రసూన దగ్గరికి నడిచింది.

"నేను మాట్లాడి బండ్లు తీపిస్తా మేడం. నన్ను పైకి తీస్కపోతారా?"

ప్రసూన బండ్లవైపు చూసింది, రమీజా మొహంవైపు చూసింది. "సరే, తీసుకెళ్తాను."

రమీజా బయ్యన్న ముందు నిలబడింది. "తాతా, మోడాలు పారిపోయేది పైకి పోయి చూసినోళ్లు మనలో ఎవరన్నా ఉండారా? నేను పోయి చూసొస్తా. పారిపోతాంటే ఈ గొడుగులన్నీ నేనే నా పొయ్యిలో పెడతా."

బయ్యన్న మీసం దువ్వుకున్నాడు. "నువ్వు మన పిల్లవి. పో. చూసింది చూసినట్టు చెప్పల్ల."

ఈ మాట విని రంజాన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "వద్దు తల్లీ, పడితే ఎముకలు గూడా దొరకవే!"

"అంత భయమైతే కింద పరుపు పరిచిపెట్టు నాయనా," అంది రమీజా విసుగ్గా.

ఆ పిచ్చితండ్రి నిజంగానే ఇంట్లోంచి కొత్త పరుపు మోసుకొచ్చి బీట్లో పరిచాడు. గాలి వాటానికి దాన్ని అటూ ఇటూ ఈడుస్తూ పైకి చూస్తూ నిలబడ్డాడు.

ఇద్దరు ఎగిరే గొడుగులో ముందు రమీజాను కట్టి, వెనక ప్రసూన నిలబడింది. "ఆగకుండా పరిగెత్తు," అంది. రమీజా పరిగెత్తింది. కాళ్లు ఇంకా పరిగెత్తుతూనే ఉన్నాయి, నేల మాత్రం లేదు! యా అల్లా అని అరిచి, పకపకా నవ్వి, కళ్లనీళ్లు పెట్టుకుంది. అంత సంతోషం తన ఒంట్లో పడుతుందని ఆ పిల్లకు అప్పటిదాకా తెలియదు. కాసేపు వచ్చిన పనే మరిచిపోయింది. తర్వాత గుర్తొచ్చి నాలుగు దిక్కులూ చూసింది.

పరుపుకు చాలా దూరంగా, సరిగ్గా బయ్యన్న చేన్లోనే దిగారు. జనం పరిగెత్తుకొస్తుంటే ప్రసూన చెవిలో గొణిగింది. "వాన వస్తుందని చెప్పెయ్, గొడవ వదిలిపోతుంది."

రమీజా తల అడ్డంగా ఊపింది. మాడిన చెట్ల నడుమ బయ్యన్న నిలబడి ఉన్నాడు. ఆ మనిషికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"తాతా, కదిరి పక్క చూసినా, హిందూపురం పక్క చూసినా. తరిమేదానికి ఒక్క మోడం గూడా లేదు తాతా."

ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది. బయ్యన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"లేనిదాన్ని ఎవరు తరుముతారులే. బండ్లు తీయండప్పా," అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "మే రమీజా, మళ్ల పోతావు గదా? ఈ తూరి కడప పక్క గూడా చూడు."

ఇక ప్రసూనకు తప్పించుకునే దారి లేకపోయింది. ప్రతి ఆదివారం ఊరు ఊరంతా గుట్టకింద చేరి, మా పిల్ల పైకి పోయి చూడాల్సిందేనని కూర్చునేది. ఊరికే కూర్చోబెట్టి తిప్పడమెందుకని ప్రసూన పని నేర్పింది. వంట, నేర్చుకోవడం రెండూ సాగాయి. చెయ్యి విరగ్గొట్టుకుంది, అతికాక మళ్లీ గుట్టెక్కింది. ఏళ్లు గడిచాక, వెనక నిలబడి ఇంకొకరిని మోసుకెళ్లే అర్హత సంపాదించింది.

ఆమె మొదట కట్టుకుని ఎగిరింది తౌఫిక్‌ను. నువ్వు తీసుకెళ్తేనే వస్తానని ఇన్నాళ్లూ ఒట్టు పెట్టుకుని కూర్చున్నాడు మహానుభావుడు. గాల్లోకి లేచాక గట్టిగా కళ్లు మూసుకుని, గుట్ట దద్దరిల్లేలా కేకలు పెట్టాడు. నడుమ ఊపిరి తిప్పుకుని అడిగాడు.

"రమీజా! బతికి దిగితే నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"చావు భయంతో అన్న మాట లెక్కలోకి రాదప్పా. దిగినాక చెప్పు."

దిగాక అతను కాసేపు బోర్లా పడుకుని మట్టిని కావలించుకున్నాడు. ఒంటి మట్టి దులుపుకోకుండానే లేచి, అంతమంది ముందూ అదే మాట మళ్లీ అడిగాడు. రంజాన్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

రమీజా గొడుగు మడుస్తూ తలెత్తలేదు. "పెండ్లైనాక మీ ఇంట్లో ఎగరొద్దంటే?"

"వాళ్లతో నేను మాట్లాడతాను. నువ్వు ఎగురు. నేను మాత్రం ఈ జన్మలో మళ్లీ నేల వదలను."

రమీజా అప్పుడు తలెత్తి అతన్ని నిదానంగా చూసింది. మడుస్తున్న గుడ్డ రెండో కొస అతని చేతిలో పెట్టింది.

"అయితే పట్టు. దీన్ని మడిచేదానికి ఇద్దరు కావల్ల."