రెండు రెక్కల తేనెటీగ

కాలేజీలో ఆమెను అందరూ పెట్టెలక్క అంటారు. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. జంతుశాస్త్రం ల్యాబులో అటెండరుగా పందొమ్మిదేళ్ల సర్వీసు. చదివింది పదో తరగతి. గోడ పొడుగునా ఉన్న గాజుమూతల పెట్టెల్లో పురుగులు ఒక్కటి తప్ప అన్నీ ఆమె చేతుల మీదుగా నిలబడ్డవే. పెంకుపురుగుకు సూది నడుమ గుచ్చకూడదని, కుడి రెక్కడిప్ప మీద గుచ్చాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు. నాలుగు పాడుచేసి నేర్చుకుంది. జెర్రి కాలు ఊడితే జిగురు పెట్టి అతికించేది, అదీ లెక్క చూసుకుని. జెర్రికి ఒక్కో కణుపుకి ఒక్క జత కాళ్లు, రోకలిబండ పురుగుకి రెండేసి జతలు. తొందరలో ఒకసారి రోకలిబండ కాలు తెచ్చి జెర్రికి అతికించి, మర్నాడు గుర్తొచ్చి, ఎవరూ చూడకముందే పీకేసింది.

"నాకూ ఆరు కాళ్లుంటే నన్నూ ఇంత బాగా చూసుకునేదానివి" అంటాడు మొగుడు. ఆయన బస్సుల మెకానిక్కు. రోజూ ఇదే జోకు. రోజూ ఆమె నవ్వదు, ఎందుకంటే ఆమె మనసంతా ఏడో నంబరు పెట్టె మీదే ఉంటుంది.

ఆ పెట్టె ఆమె ఉద్యోగంలో చేరకముందుది, మూల పగిలింది. లోపల చీటీ మీద "తేనెటీగ" అని రాసి ఉంటుంది. సూదికి ఉన్నది మాత్రం ఈగ. తేనెటీగలా చారలు, నూగు అన్నీ ఉన్న మాయదారి ఈగ. తేనెటీగకు నాలుగు రెక్కలు, ఈగకు రెండే. వెనక రెక్కలు ఉండాల్సిన చోట ఆవగింజలో సగం లేని బొడిపెలు రెండు. అంతే తేడా. ఆ తేడా చూడ్డానికే కదా ఈ ల్యాబు కట్టింది!

ఒకసారి ఆమె ఉండబట్టలేక చీటీ మీద పెన్సిలుతో "ఈగ" అని దిద్దింది. మూడో రోజు మెమో వచ్చింది: చీటీలు ముట్టుకునే హక్కు అటెండరుకు లేదట. దులపడం, కలరా ఉండలు వేయడం, పాడైన పురుగును మార్చడం, అంతవరకే ఆమె పని. ల్యాబు చూసే లెక్చరరు మేడంతో నోటిమాటగా చెప్పి చూసింది.

"తేనెటీగ రెక్కలు ఒకదానికొకటి కొక్కేలతో తగులుకుని ఉంటాయి. అందుకే నీకు రెండే కనపడ్డాయి" అంది మేడం, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

"బొడిపెలు కూడా ఉన్నాయి మేడం."

"రిజిస్టర్లో తేనెటీగ అని ఉంది. నువ్వు వెళ్లి బీకర్లు కడుగు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు! పెట్టెలక్క బీకర్లు కడిగింది, రెండు పగలగొట్టింది.

ఆ పెట్టె వల్ల ఎవరికీ నష్టం లేకపోతే ఆమె కూడా ఊరుకునేదేమో. పరీక్షలో పురుగులను వరసగా పెట్టి, చీటీ కప్పేసి, నంబరు అంటిస్తారు. పిల్లలు చూసి పేరు రాయాలి. చూసేదెవరు? మూల పగిలిన పెట్టె అంటే తేనెటీగ అని సీనియర్ల నోట్సులో ఉంటుంది. పోయినేడు మాత్రం ఒక బక్కపిల్ల వంగి, భూతద్దం పెట్టి చూసి, "ఈగ" అని రాసింది. రెండు మార్కులు పోయాయి. ఒక్క మార్కుతో పరీక్ష తప్పింది. ఈసారి కూడా తప్పితే కాలేజీలో పేరు కొట్టేస్తారు.

ఆ పిల్ల ఈ ఏడంతా సాయంత్రాలు ల్యాబులోనే గడిపింది. "ఈసారి తేనెటీగ అని రాసి పారెయ్, పీడా పోతుంది" అని స్నేహితురాళ్లు పోరుతుంటే పెదవి బిగించుకునేది. అది చూసి పెట్టెలక్క ఏడో పెట్టె గాజును మళ్లీ మళ్లీ తుడిచేది.

పరీక్షకు నాలుగు రోజుల ముందు ఆమెకు ఉపాయం తట్టింది. చీటీ ముట్టుకోకూడదు, సరే. పురుగును మార్చడం తన పనే కదా! కిటికీ అంచు మీద చచ్చిపడి ఉన్న అసలైన తేనెటీగను ఏరింది. తడి ఇసుక డబ్బాలో రెండు రోజులు మెత్తబడనిచ్చి, నాలుగు రెక్కలూ విడదీసి కాగితపు పట్టీలతో ఆరబెట్టింది. పరీక్ష ముందురోజు ఈగను తీసి అగ్గిపెట్టెలో వేసుకుని, ఆ సూదిచోట తేనెటీగను నిలబెట్టింది. పందొమ్మిదేళ్లలో మొదటిసారి చీటీ, పురుగు ఒక్కటయ్యాయి. ఇక చూసి రాసినవాళ్లకీ మార్కులే, చూడకుండా రాసినవాళ్లకీ మార్కులే. బక్కపిల్లకు చెబుదామా అనుకుంది. పరీక్షలో ఏం పెడతారో ముందే చెప్పడం దొంగతనం. ఆ పని మాత్రం ఆమె ఎన్నడూ చేయలేదు. అయినా ఆ పిల్లకు కళ్లున్నాయిగా!

పరీక్షరోజు రెండు నిమిషాలకోసారి గంట కొట్టడం పెట్టెలక్క పని. ఆరో నంబరు దగ్గర బక్కపిల్ల భూతద్దం పెట్టి జెర్రి కాళ్లు లెక్కపెట్టింది. గంట మోగింది. ఏడో నంబరు దగ్గరకొచ్చింది. వంగలేదు. భూతద్దం తీయలేదు. పగిలిన మూలను ఒక్కసారి చూసి, చకచకా రాసేసి, తలెత్తి పెట్టెలక్క వైపు గర్వంగా చూసింది.

పెట్టెలక్క ఒక అడుగు ముందుకేసింది. దగ్గింది. మళ్లీ దగ్గింది.

"దగ్గొస్తే బయటికెళ్లు" అంది మేడం.

పరీక్ష అయ్యాక వరండాలో ఆ పిల్లను పట్టుకుంది.

"ఏడోది చూడలేదేమే?"

"పోయినేడు చూశాగా అక్కా. రెండే రెక్కలు. పేరు కొట్టేస్తే కొట్టెయ్యనీ, ఈగను తేనెటీగ అని మాత్రం రాయను" అంది ఆ పిల్ల. మొహం వెలిగిపోతోంది.

 పెట్టెలక్కకు ఆ పిల్ల మీద కోపం, తన మీద అంతకంటే కోపం. తిన్నగా మేడం గదికి వెళ్లి, అగ్గిపెట్టె తెరిచి బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పేసింది.

మేడం ఈగను చాలాసేపు చూసింది. భూతద్దం తెప్పించుకుని మళ్లీ చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"పోయినేడు ఆ పిల్ల రాసింది..." అని ఆగిపోయింది.

"రైటే మేడం. మీరే ఆ పిల్లను పరీక్ష తప్పించారు."

 మేడం ఆ పిల్ల కాగితం తీసి ముందు పెట్టుకుంది. ఎర్ర పెన్ను మూత తీసింది.

"పోయినేటి ఫలితాలు ఇప్పుడు తిరగదోడడం నా చేతిలో లేదు. ఈ ఏటి సంగతి చెప్పు. ఇవాళ పెట్టెలో ఉన్నది ఏమిటి? నువ్వే గుచ్చావు, నువ్వే చెప్పు."

పెట్టెలక్క బల్ల అంచు పట్టుకుంది. కొట్టినా అబద్ధం రాని నోరు అది. పందొమ్మిదేళ్లుగా ఆ నోటి మాట అడిగినవాళ్లు లేరు, ఇవాళ అడిగారు.

"తేనెటీగే మేడం" అంది.