చెక్‌పోస్టులో ఆకుబొమ్మ

చర్లలో మెడికల్ క్యాంపు ముగించుకుని బస్సులో కొత్తగూడెం వస్తున్నాను. నాది తిరుపతి. ఏళ్ల తరబడి తగ్గని నొప్పులకు వైద్యం చేయడం నా పని. భద్రాచలం చెక్‌పోస్టులో బస్సు ఆపారు. గంజాయి కోసం సీట్ల కింద వంగి వంగి వెతుకుతున్న కానిస్టేబుల్ నా సంచీ తెరిచాడు. పైనున్న కాగితాల మీద పెద్ద గంజాయి ఆకు బొమ్మ!

“ఏంది మేడం ఇది?”

బస్సంతా నా వైపు తిరిగింది. నేనేం తడబడలేదు.

“మొండి నొప్పులకు గంజాయి నుంచి తీసిన మందు పనికొస్తుందా అని చాలా దేశాల డాక్టర్లు పరిశోధిస్తున్నారు. ఆ వివరాలే ఇవి.”

కిందికి దిగమంటాడేమో అనుకున్నాను. అతను కాగితాలు జాగ్రత్తగా సర్దిపెట్టి, గొంతు తగ్గించాడు.

“నడుం నొప్పికి పనిచేస్తదా?”

“కొందరికి కొంత తగ్గుతోంది. ఇంకా గట్టిగా తేలలేదు. మీరు పట్టుకునే సరుకు మాత్రం మందు కాదు.”

“అది నాకెరుకనే మేడం.” నడుం మీద చెయ్యేసుకుని మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. “జల్దీ తేల్చమని చెప్పుండ్రి వాళ్లకు. గీ సరుకు కోసం వంగి వంగే నాకీ నొప్పి వచ్చింది.”